గోదారి పెరుగుతుంటే ఏ కబురు మేలు: వాట్సాప్ గ్రూపా, గుడి మైకా, ఫోనా?

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు వస్తే రెండోది, 17.75కు వస్తే మూడోది. గోదారి జిల్లాల్లో ఈ మూడంకెలూ తెలియని ఇల్లుండదు. అయినా గోదారి పాయల మధ్య దీవిలాంటి లంకలో ఉన్నవాడికి గానీ, రాజమండ్రిలో పల్లపు వీధిలో ఉన్నవాడికి గానీ ఆ అంకెతో సగం పనే తీరుతుంది. మా వీధి చివరికి నీళ్లొచ్చాయా? కాజ్‌వే మీద మోకాలి లోతా, నడుం లోతా? ఏరు దాటించే పంటు తిరుగుతోందా, ఆపేశారా? రేపు పాలబ్బాయి వస్తాడా? వీటికి ఏ బులెటిన్‌లోనూ జవాబుండదు. పక్కింటాయన చెప్పాలి, లేదంటే ఎగువ ఊళ్లో ఉన్న చుట్టం చెప్పాలి.

ఆ కబురు ఇప్పుడు నాలుగు దారుల్లో వస్తోంది: వాట్సాప్ గ్రూపు, గుడి మైకు లేదా దండోరా, నేరుగా ఫోను, వీటికి వెనక దన్నుగా సర్కారు వారి అంకెలు. టీవీని ఈ పోటీలోకి తీసుకురావడం లేదు. టీవీవాళ్ల గోదారి రాజమండ్రి వంతెన మీంచి కనిపించినంత మేరే ఉంటుంది. లంకల దాకా వాళ్లు పడవేసుకొచ్చేసరికి లంకవాళ్లు సామాను అటక మీదికి ఎక్కించేసి ఉంటారు.

ఏది మేలో తేల్చడానికి నేను పెట్టుకున్న కొలతలు రెండు. చెప్పినవాడు నీళ్లను తన కళ్లతో చూశాడా? తిరిగి ఒక మాట అడిగితే జవాబు చెప్పేందుకు అక్కడ మనిషున్నాడా? వేగం, ఖర్చు, సౌకర్యం అన్నీ వీటి తర్వాతే.

ముందు అంకెల సంగతి

సర్కారు అంకె మొదటి పరీక్షలో నెగ్గుతుంది. కొలబద్ద దగ్గర మనిషున్నాడు, చూసి రాస్తున్నాడు. రెండో పరీక్షలో మాత్రం ఓడిపోతుంది. ఆ అంకెను "అయితే మా ఊరి సంగతేంటండీ" అని అడగలేం. పైగా చదవడం రాకపోతే అంకె కూడా పుకారంత పని చేస్తుంది.

ఏటా జరిగే పొరపాటు ఒకటి చూడండి. "భద్రాచలంలో తగ్గుముఖం పట్టింది" అని వార్త రాగానే డెల్టాలో చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. భద్రాచలంలో దాటిపోయిన నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. అక్కడి నుంచి దిగువ లంకలకు ఇంకొన్ని గంటలు. అంటే అక్కడ తగ్గుతోందని చెబుతున్న పూట మనకు ఇంకా పెరుగుతూనే ఉంటుంది. కట్టుకున్న మూట విప్పేది సరిగ్గా అప్పుడే. పై మాట విని కింద నిర్ణయం తీసుకునేవాళ్లు ఈ రోజు తేడాని మనసులో పెట్టుకోవాలి.

రెండోది కొలతల గందరగోళం. భద్రాచలంలో మూడు హెచ్చరికల లెక్క అడుగుల్లో: 43, 48, 53. ధవళేశ్వరంలోనూ అడుగులే, కానీ ఆ అడుగులు వేరు, ఈ అడుగులు వేరు. ఎక్కడి కొలబద్ద సున్నా అక్కడిదే. పోలవరం దగ్గరికి వస్తే మీటర్లు. ప్రవాహమేమో లక్షల క్యూసెక్కుల్లో. ఎవరో "50 దాటిందంట" అని గ్రూపులో పడేస్తే, ఎక్కడ 50, ఏం 50 అని అడిగేవాడుండడు. భద్రాచలంలో 50 అడుగులంటే రెండో హెచ్చరిక దాటినట్టు. ధవళేశ్వరంలో 50 అడుగులంటే మనమెవరం ఉండం.

ఇంకోటి, "175 గేట్లూ ఎత్తేశారు" అనే మాట. బయటి ఊళ్ల నుంచి కొత్తగా కాపురానికొచ్చినవాళ్లు ఇది వినగానే హడలిపోతారు. బ్యారేజీ పెద్ద జలాశయం కాదు, నీళ్లు నిలవేసి దాచే చోటు అక్కడ లేదు. పైనుంచి వచ్చింది వచ్చినట్టు కాలవలకు పోగా సముద్రానికి వదలాల్సిందే. గేట్లు ఎత్తడం వరదల రోజుల్లో మామూలు పని. భయపడాల్సింది ఎంత వదులుతున్నారన్న సంఖ్యకి: పది లక్షల క్యూసెక్కులు ఒక రకం, పదిహేడు ఇంకో రకం. ఆ సంఖ్య కూడా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ఆర్ముల (బ్యారేజీలోని నాలుగు భాగాల) మొత్తం. కిందికి వచ్చాక అది గౌతమికీ వశిష్ఠకీ పంచుకుపోతుంది, వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ చీలుతుంది. మన పాయకు ఎంత వస్తుందో ఆ మొత్తంలో కనపడదు.

సముద్రం దగ్గరి ఊళ్లకు మరో చిక్కుంది. అంతర్వేది వైపు పోటు మీదున్నప్పుడు నీరు లాగదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో అయితే మరీను. బ్యారేజీ దగ్గర తగ్గినా కింద గుమ్మాల్లో నీళ్లు అంగుళం కదలవు. ఈ సంగతి బులెటిన్‌కి తెలియదు, రేవులో వల సర్దుకుంటున్న జాలరికి తెలుసు.

వాట్సాప్ గ్రూపు: ఒక పేరు, రెండు వస్తువులు

గ్రూపు మంచిదా చెడ్డదా అని వాదించుకునేవాళ్లు రెండు వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుకుంటున్నారని నా అనుమానం. వీధి గ్రూపు వేరు, ఊరి గ్రూపు వేరు. వీధి గ్రూపులో ముప్పై నలభై ఇళ్లుంటాయి. ఎవరి పేరు చూసినా వాళ్ల గుమ్మం కళ్ల ముందు కనిపిస్తుంది. ఊరి గ్రూపులో వందల మంది. వాట్సాప్ ఇప్పుడు ఒక గ్రూపులో 1024 మంది దాకా పట్టనిస్తోంది. అందులో సగం మంది హైదరాబాదులోనో, బెంగళూరులోనో, గల్ఫ్‌లోనో ఉంటారు. ఊరి మీద బెంగ వాళ్లకు మనకంటే ఎక్కువే, కాదనను. కానీ వాళ్లకు నీళ్లు కనపడవు, కనపడినవల్లా ముందుకు తోస్తుంటారు.

చిన్న గ్రూపు రెండు పరీక్షల్లోనూ నెగ్గుతుంది. "మన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి చీలమండ లోతు వచ్చిందండీ, పావుగంట క్రితం లేదు" అని మూడో ఇంటి టీచరమ్మ పెడితే, "స్కూలు వైపా, కిరాణా కొట్టు వైపా అమ్మా?" అని అడగొచ్చు. ఆమె కిటికీలోంచి చూసి చెబుతుంది. రాజమండ్రిలో ఇది ప్రాణమంత పని చేస్తుంది. నగరానికి వచ్చే చిక్కు లంకలకు వచ్చే చిక్కు లాంటిది కాదు. గట్టు దాటి గోదారి ఊళ్లోకి రావడం అరుదు. గోదారి ఎత్తుగా ఉన్నప్పుడు ఊళ్లోని మురుగుకాలవల నీరు నదిలోకి దిగే దారి మూసుకుపోతుంది. అదే సమయానికి వాన దంచితే కంబాలచెరువు, ఆర్యాపురం, తుమ్మలావ లాంటి పల్లపు చోట్ల రోడ్లు చెరువులవుతాయి. ఆ నీరు వీధికో తీరుగా ఉంటుంది. ఒక సందులో స్కూటరు పోతుంది, పక్క సందులో సైలెన్సరు మునుగుతుంది. దీన్ని ఏ అధికారీ సందు సందుకీ చెప్పలేడు. సందులో ఉన్నవాళ్లే చెప్పుకోవాలి, దానికి చిన్న గ్రూపును మించింది లేదు.

పెద్ద గ్రూపు రెండు పరీక్షల్లోనూ తప్పుతుంది. అందులోకి వచ్చే వీడియోలో వంతెన ఉంటుంది, ఎర్రనీరు ఉంటుంది, తేదీ ఉండదు. 2020 నాటిదా, 2022 నాటిదా, అసలు గోదారేనా అని అడిగితే "నాకూ ఎవరో పంపారండి" అన్నదే జవాబు. వాట్సాప్ 2018లో మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. చాలాసార్లు చేతులు మారిన సందేశానికి 2020 నుంచి ఒకసారికి ఒక్క చాటే. దాని మీద రెండు బాణాల గుర్తు కూడా వేస్తుంది. వరద రోజున ఆ రెండు బాణాలు కనపడితే చాలు, వీడియో తెరవకుండా పక్కన పెట్టొచ్చని నా అభిప్రాయం. మన వీధి సంగతి అన్ని చేతులు మారి రావలసిన అవసరం దానికేముంది?

పుకార్లలో గట్టిది "గండి పడిందంట". గండి మాట డెల్టాలో తేలిక మాట కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వెళ్లినప్పుడు, మళ్లీ 2006లో 28 లక్షలు దాటినప్పుడు గట్లు తెగిన చోట్లున్నాయి. ఆ రాత్రులు చూసిన పెద్దవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్ల చెవిన ఈ మాట పడితే ఆలోచించరు, లేచి నడుస్తారు. అందుకే గట్టులో ఊట కనిపించినా, బుంగ పడినట్టనిపించినా ముందు గ్రూపులో పెట్టకండి. ముందు గట్లూ కాలవలూ చూసే లస్కరుకో, వీఆర్వోకో, గ్రామ సచివాలయానికో ఫోను చేయాలి. ఇసుక బస్తాలు వేసేది వాళ్లు. గ్రూపులో వంద మంది దండాలు పెడితే బుంగ పూడదు.

గ్రూపు విషయంలో వాయిస్ మెసేజీని వేరుగా మెచ్చుకోవాలి. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే చదవలేని అమ్మమ్మలు కూడా వాయిస్ వింటారు. పైగా గొంతు వినపడితే చెప్పినవాడెవడో తెలుస్తుంది, వెనకాల వాన చప్పుడు వినిపిస్తుంది, కంగారు ఎంతో అర్థమవుతుంది. రాసిన ఫార్వర్డుకి ఈ గుణాలేవీ లేవు. అందుకే నలుగురికీ తెలియాల్సిన మాట అయితే వాయిస్, లోతు చూపించాల్సి వస్తే ఫొటో. ఫొటోలో తెలిసిన వస్తువు ఒకటి పడాలి: కరెంటు స్తంభం, బడి అరుగు, కొట్టు ముందు మెట్లు. ఉత్త నీళ్ల ఫొటోని చూసి ఎవడికీ ఏమీ తెలియదు.

దీని లోపం చెప్పకపోతే అన్యాయం. ఫోన్లో చార్జింగ్ ఉన్నంతసేపే గ్రూపు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ వైపు ముంచెత్తినప్పుడు మన గోదారి జిల్లాల వాళ్ల చుట్టాలు చాలామంది మేడల మీద చిక్కుకున్నారు. కరెంటు తీసేశారు, ఫోన్లు ఒక్కొక్కటీ చచ్చిపోయాయి. చివరికి బయటున్నవాళ్లకు మిగిలింది "లాస్ట్ సీన్" ఒక్కటే. పెద్ద నగరంలోనే అలా అయితే నాలుగు వైపులా నీళ్లున్న లంక సంగతి చెప్పక్కర్లేదు. కరెంటు ఉండగానే పవర్ బ్యాంకు నింపుకోవడం, ఇంట్లో ఒక ఫోను స్విచ్చాఫ్ చేసి పక్కన పెట్టడం, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపుకోవడం మొదటి హెచ్చరిక నాడే జరగాలి.

మైకు, దండోరా: అడగలేం, కానీ కదిలిస్తాయి

గుడి మైకును పాతకాలపు సరంజామా అనుకునే కుర్రాళ్లు ఒక వరద రాత్రి లంకలో గడపాలి. రాత్రి రెండింటికి ఫోను సైలెంటులో ఉంటుంది, మనిషి గాఢనిద్రలో ఉంటాడు. అప్పుడు రామాలయం మైకులోంచి "గ్రామ ప్రజలకు ముఖ్య విజ్ఞప్తి" అని సర్పంచి గొంతు వస్తే ఊరంతా ఒకేసారి లేస్తుంది. ఫోను లేని ముసలమ్మ లేస్తుంది. రీచార్జి అయిపోయిన కూలీ లేస్తాడు. ఏటి ఒడ్డు పాకలో గేదెల దగ్గర పడుకున్నవాడూ లేస్తాడు. గ్రూపులో ఎవరు చూశారో నీలం టిక్కులు చెబుతాయి, కానీ చూడనివాళ్ల తలుపు అవి తట్టవు.

మైకుకు ఇంకో బలముంది, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గ్రూపులో మాట వచ్చినప్పుడు ఎవరికి వారు చదువుకుంటారు, పక్కింటివాళ్లు ఏం చేస్తారో తెలియదు కాబట్టి ఆగుతారు. మైకులో చెబితే పక్కింటి లైటు వెలుగుతుంది, ఎదురింటివాళ్లు ట్రంకు పెట్టె లాగుతున్న చప్పుడవుతుంది. ఇక మనకూ ఆగబుద్ధి కాదు. ఇల్లు వదలడం అనే పని ఎవడూ ఒంటరిగా చేయడానికి ఇష్టపడడు. పశువులను వదిలి రామనే పెద్దాయన కూడా వీధి వీధంతా గట్టెక్కుతుంటే పలుపుతాడు విప్పుతాడు.

లోపాలు తక్కువేం కావు. ఈదురుగాలిలో మాట సగం వినపడుతుంది, "ఖాళీ చేయండి" అన్నది వినపడి "అవసరమైతే" అన్నది గాలికి పోతుంది. తిరిగి అడగడానికి వీల్లేదు. కరెంటు పోతే మైకు కూడా పోతుంది, బ్యాటరీ మీద నడిచే ఆంప్లిఫయరు గుడిలో ఉందో లేదో జూన్‌లోనే చూసుకోవాలి. దండోరా వేసేవాడికీ, మైకు కట్టిన ఆటోకీ కరెంటుతో పనిలేదు కానీ, రోడ్డు మీద నీళ్లొచ్చాక ఆటో రాదు. చర్చి, మసీదు, రామాలయం మూడింటి మైకులున్న ఊళ్లలో మూడింట్లోనూ ఒకే మాట ఒకే వేళకు చెప్పించడం మంచి పద్ధతి. ఒక్కో పేట ఒక్కో మైకుకు అలవాటు పడి ఉంటుంది, తన మైకు పలకకపోతే "మనక్కాదులే" అనుకుంటుంది.

మైకు ముందు నిలబడినవాడికి ఒక మనవి. "వరద ఉధృతి దృష్ట్యా లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను" అంటే ఎవరూ కదలరు. తను లోతట్టులో ఉన్నానని ఎవడూ ఒప్పుకోడు. "చెరువు గట్టు వీధివాళ్లు, హరిజనపేట వెనక వరస వాళ్లు తెల్లారేలోపు హైస్కూలుకు రండి, అక్కడ వంట మొదలైంది" అంటే కదులుతారు. పేరు పెట్టి పిలిస్తేనే మన జనం పలికేది.

ఫోను: చుట్టరికపు గొలుసు

గోదారి పొడుగునా మన వియ్యాలున్నాయి. భద్రాచలంలో పెద్దమ్మ కూతురు, కూనవరంలో ఉద్యోగం చేసే తోడల్లుడు, రావులపాలెంలో మేనమామ, నరసాపురంలో ఆడపడుచు, యానాంలో స్నేహితుడు. వాగ్వివాదాలేవైనా ఉంటే వరద రోజుల్లో అవన్నీ పక్కకు పోతాయి. ఈ గొలుసు రెండు పరీక్షల్లోనూ అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంటుంది. చూసినవాడే చెబుతాడు, అడిగిందల్లా చెబుతాడు.

శబరి వచ్చి గోదారిలో కలిసే కూనవరంతో మాట ఇలా సాగుతుంది: "బావగారూ, మీ రేవులో ఎన్ని మెట్లు మిగిలాయి?" "పొద్దున ఎనిమిది కనపడ్డాయిరా, ఇప్పుడు ఐదు." "శబరి కూడా తన్నుతోందా?" "తన్నుతోంది, నీరు వెనక్కి పోతోంది, లాగట్లేదు." ఈ నాలుగు ముక్కల్లో ఎంత పెరిగిందో, ఎంత వేగంగా పెరిగిందో, రేపు ఎలా ఉండబోతోందో అన్నీ ఉన్నాయి. ఒక్క క్యూసెక్కు మాట లేదు.

ఈ గొలుసును అంకెలతో కలిపితే గట్టి సాధనమవుతుంది. మీ ఇంటి గోడ మీదో, వీధి స్తంభం మీదో పాత వరదల గుర్తులు ఉండే ఉంటాయి. 2020 ఆగస్టులో ధవళేశ్వరం నుంచి సుమారు 22 లక్షల క్యూసెక్కులు వెళ్లినప్పుడు మీ అరుగు ఎంత మునిగింది? 2022 జులైలో భద్రాచలంలో 71 అడుగులు దాటి, ఇక్కడ 25 లక్షలు మించినప్పుడు ఎక్కడికొచ్చింది? ఈ రెండు గీతలూ రంగుతో గీసి, పక్కన ఆ అంకెలు రాసి పెట్టుకుంటే, ఈ ఏడు "ఎల్లుండికి 20 లక్షలు రావచ్చు" అన్న మాట వినగానే మీ ఇంటికి దాని అర్థమేంటో మీకే తెలుస్తుంది. అచ్చంగా అంతే వస్తుందని కాదు. గట్లు ఎత్తు చేసి ఉంటారు, ఇసుక మేటలు మారి ఉంటాయి, పోటు మీద ఆధారపడుతుంది. అయినా లంకలో ఒక ఇల్లాలు గుమ్మంలో గీత చూపించి "ఇక్కడిదాకా వస్తే మంచం ఎక్కిస్తాం, ఇక్కడిదాకా వస్తే మేం ఎక్కుతాం" అని చెబితే, దాన్ని మించిన ముందస్తు హెచ్చరిక నాకు కనపడలేదు.

ఫోను బలహీనత ఏంటంటే ఒక్కరికి ఒక్కరే. బావగారు నాకు చెప్పింది నా దగ్గరే ఆగిపోతే వీధికి ఉపయోగం లేదు. అందరూ ఒకేసారి ఫోన్లు చేస్తే లైను కలవదు. అలాంటప్పుడు మామూలు ఎస్సెమ్మెస్ వెళ్లే అవకాశం కాస్త ఎక్కువ, దాన్ని మరచిపోయాం. ఇంకో సంగతి, ప్రేమ కొద్దీ భయం ఎక్కువ చేసి చెప్పే చుట్టాలూ, ధైర్యం చెప్పడానికి తక్కువ చేసే చుట్టాలూ ఇద్దరూ ఉంటారు. మా వైపు ఒక పిన్నిగారు ఏ వరదనైనా "ఏం లేదమ్మా, కాళ్లు తడుస్తున్నాయి అంతే" అంటారు. అందుకే "ఎలా ఉంది?" అని అడగకూడదు. "ఎన్ని మెట్లు?" అని అడగాలి.

పక్కపక్కన పెట్టి చూస్తే

నీళ్లు ఇంకా భద్రాచలం దగ్గరుండగా అంకే, ఫోనే మేలు. అప్పుడు చేతిలో ఒక రోజుంటుంది. పశువుల మేత, బియ్యం, మందులు, పాసుపుస్తకాలు, ఆధార్ కార్డులు సర్దుకోవడానికి ఆ రోజు చాలు. గ్రూపు ఆ దశలో ఉపయోగం కంటే గోల ఎక్కువ చేస్తుంది.

నీళ్లు కాజ్‌వే మీదికొచ్చాక తక్కెడ మారుతుంది. ముక్తేశ్వరం దగ్గర ఎదురుబిడియం కాజ్‌వే లాంటివి మొదటి హెచ్చరిక అటూ ఇటూగానే మునుగుతాయి. అప్పుడు కావలసింది "ఇప్పుడు, ఇక్కడ" అనే కబురు. దాటొచ్చా, పడవ పెట్టారా, ఇంజను బోటా నాటు పడవా? ఇది చిన్న గ్రూపు పని. అయితే ఒక షరతు: పెట్టేవాడు వేళ రాయాలి. "కాజ్‌వే మీద పోతున్నారు" అన్న మాట పొద్దున్నది సాయంత్రం చదివి బండి దించినవాడు ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. వాట్సాప్ పక్కన చూపించేది పంపిన వేళ, చూసిన వేళ కాదు.

ఊరు వదలాల్సిన గంట వచ్చాక మైకే. ఇందులో నాకు రెండో మాట లేదు. మిగతావన్నీ తెలియజేస్తాయి, మైకు లేపుతుంది. దానికి తోడు ప్రతి నాలుగిళ్లకూ ఒక కుర్రాడు తలుపు తట్టి తల లెక్క చూసుకుంటే ఇంకా మేలు. 2019 నుంచి కొన్నేళ్లు యాభై ఇళ్లకో వాలంటీరు ఉండేవాడు, ఆ పద్ధతి మంచీ చెడ్డా రాజకీయాలకు వదిలేద్దాం. తలుపు తట్టే మనిషి ఎవరో ముందే తేల్చుకోవడం మాత్రం ఏ ప్రభుత్వం మీదా ఆధారపడక్కర్లేని పని. మంచాన ఉన్నవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో ఆ కుర్రాడికి తెలియాలి. వాళ్లను నీళ్లు రాకముందే దాటించాలి. ప్రాణాపాయమైతే గ్రూపులో రాస్తూ కూర్చోకుండా 112కో, విపత్తుల సంస్థ 1070కో కొట్టడం వీధిలో ప్రతి పిల్లాడికీ రావాలి.

ఫోన్లకు నేరుగా వచ్చే ప్రభుత్వ హెచ్చరిక కూడా ఈ మధ్య మొదలైంది. సైరను లాంటి మోతతో తెర మీద సందేశం వెలుగుతుంది, ఆ ప్రాంతపు టవర్ల కింద ఉన్న ఫోన్లకు ఒకేసారి వెళ్తుంది. 2023లో దేశమంతా పరీక్షించారు. జాతీయ విపత్తు సంస్థ వారి సచేత్ యాప్ కూడా ఉంది. ఇది మైకు గుణమున్న ఫోను. తిరిగి అడగలేం కానీ లేపుతుంది. సెట్టింగుల్లో ఆపేసుకుని ఉంటే మాత్రం లేపదు, ఒకసారి చూసుకోండి.

ఒక్కదాన్నే ఎంచుకోమని పట్టుబడితే, లంకలో ఉన్నవాడికి మైకు చెబుతాను, రాజమండ్రిలో ఉన్నవాడికి వీధి గ్రూపు చెబుతాను. లంకలో ప్రశ్న ఒక్కటే, ఉండాలా పోవాలా అని. దానికి అందరికీ ఒకే జవాబు ఒకేసారి కావాలి. నగరంలో ప్రశ్నలు వంద, ఏ వీధికి ఆ వీధి జవాబు. ఊరి పెద్ద గ్రూపును రెండు చోట్లా కిందే ఉంచుతాను. అందులో అడ్మిన్లు మాత్రమే రాసేలా వరద నాలుగు రోజులు కట్టేస్తే దానికీ కొంత విలువ వస్తుంది. అలా కట్టే ధైర్యం అడ్మిన్‌కుండాలి, తర్వాత అలిగే పెద్దమనుషులను సముదాయించుకునే ఓపికా ఉండాలి.

వీధి గ్రూపులో కబురు పెట్టడానికి మాత్రం ఒక మూస పెట్టుకుంటే చాలా గోల తగ్గుతుంది. చోటు, వేళ, గుర్తు, పోకడ. "కొత్తపేట సందు మొదలు, 4.40, కరెంటు స్తంభం మీద ఎర్ర రంగుకి జానెడు కింద, గంటలో రెండంగుళాలు పెరిగింది, నేనే చూశాను." చివరి రెండు మాటలూ తప్పనిసరి. చూడకపోతే "ఫలానావారు చెప్పారు" అని రాయాలి, వారి పేరు పెట్టలేకపోతే అసలు రాయకూడదు. దీనికి కింద దండాలు, దేవుడి బొమ్మలు, "జాగ్రత్త అందరూ" లాంటివి పెట్టకూడదని ముందే అనుకోవాలి. నలభై దండాల కింద ఆ ఒక్క కబురు మునిగిపోతుంది.

నీరు తీసిన తర్వాత గ్రూపే రాజు. మైకుకి అప్పుడు పనిలేదు, బావగారి మెట్ల లెక్కతోనూ పనిలేదు. ట్యాంకరు ఏ వీధికొచ్చింది, బోరులో బురద పోయిందా, మెడికల్ క్యాంపు ఎక్కడ, ఏ ఇంట్లో పాము కనిపించింది, అరటి తోటల నష్టం రాసుకోవడానికి వ్యవసాయ శాఖవాళ్లు ఏ రోజు వస్తున్నారు, కౌలు రైతు పేరు ఎక్కించాలంటే ఏ కాగితం కావాలి. ఇవన్నీ పది మంది పది చోట్ల నుంచి తెచ్చి ఒకచోట పెట్టాల్సిన ముక్కలు. పంట నష్టం రాసుకునే బృందం వచ్చేసరికి పొలంలో నీరు తీసేసి ఉంటుంది, మునిగినట్టు ఆనవాలు కనపడదు. అందుకని నీళ్లున్నప్పుడే తోట ఫొటోలు సర్వే నంబరుతో సహా గ్రూపులో పడేసి ఉంచండి, వేళా తేదీ దానికి వాట్సాపే వేస్తుంది.